బాయి దిగనోడు చెప్పే పాతాళ చిట్కాలు

నేను బొగ్గుబాయి ల్యాంప్ రూంలో పని చేస్తాను. మా బాపు టింబర్‌మన్. ముప్పై ఏళ్లు బాయి దిగి, మోకాళ్లు అరగదీసుకుని, మెడికల్ అన్‌ఫిట్ అయితే డిపెండెంటుగా ఆ ఉద్యోగం నాకొచ్చింది. దిగేవాళ్ల చేతికి దీపం ఇస్తాను, ఎక్కి వచ్చినవాళ్ల చేతుల్లోంచి దీపం తీసుకుంటాను. నేను మాత్రం దిగను. సలహా ఇవ్వడానికి దిగాల్సిన పని లేదు. గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లను ఎవరినడిగినా ఈ సంగతి చెప్తారు.

మొన్న మా కాలనీ పిల్లగాడొకడు వచ్చాడు. ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. "అన్నా, విదేశాల్ల వెయ్యి మీటర్లు, రెండువేల మీటర్ల లోతు గుహలుంటయట. వాటిల్ల దిగే ఎక్స్‌పెడిషన్లల్ల చేరాలంటె ఎట్ల?" అని అడిగాడు. వాళ్ల నాయన అప్పటికే ఒక మాట అన్నాడట: "మేం దిగితె మాకు జీతమిచ్చిండ్రు. నువ్వు దిగనీకి ఎదురు పైసలిస్తవారా?"

పిల్లగాడి ఉత్సాహం చల్లారకూడదు కదా. చాయ్ చెప్పించి పది చిట్కాలు చెప్పాను. అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

1. అట్టడుగు నుంచే మొదలుపెట్టు

తమ్ముడూ, చిన్న గుహలతో టైం పాడుచేసుకోకు. నంద్యాల జిల్లాలో బేలం ఉంది. మూడు కిలోమీటర్లకు పైగా సాగే గుహ. కానీ లోతెంత? పాతాళగంగ దగ్గర కూడా 46 మీటర్లే. పాతాళమని పేరు పెట్టుకుని 46 మీటర్లంటే మనకు నామోషీ. ఇక్కడ అడ్రియాల లాంగ్‌వాల్‌లో మనవాళ్లు నాలుగు వందల మీటర్లు దాటిన లోతులో షిఫ్టు చేసి, అన్నం గిన్నె ఖాళీ చేసి ఇంటికొస్తున్నారు.

ఒక చిత్రం చూడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని చెప్పిన కింగ్ దొర జియలాజికల్ సర్వే మనిషి. 1884లో బేలం గుహ సంగతి రాసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ కూడా ఆ సర్వే మనిషే. ఒకే ఆఫీసు వాళ్లలో ఒకాయన బొగ్గు చూశాడు, ఒకాయన గుహ చూశాడు. బొగ్గు దగ్గర జీతం పుట్టింది, గుహ దగ్గర టికెట్టు పుట్టింది. తర్వాత 1982లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి బేలంను కొలిచి మ్యాపు గీశాడు. అంటే విదేశీయుడు మన 46 మీటర్ల కోసం అంతదూరం నుంచి టేపు పట్టుకుని వచ్చాడు. ఇందులోంచి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నువ్వు నేరుగా అబ్ఖాజియాలోని వెర్యోవ్కినాకు దరఖాస్తు పెట్టు. ప్రపంచంలో అన్నిటికన్నా లోతైన గుహ, 2200 మీటర్లు దాటింది.

మన దగ్గర కొత్త వర్కరును కూడా ముందు వీటీసీలో కూర్చోబెట్టి ట్రైనింగు ఇచ్చాకే బాయిలోకి పంపుతారు. అది కంపెనీ భయం. నీకెందుకు?

2. క్లబ్బులూ గిబ్బులూ వద్దు, ఉత్తరం రాస్తే చాలు

గుహల ఎక్స్‌పెడిషన్‌కు నోటిఫికేషన్ పడుతుంది, హాల్ టికెట్ వస్తుంది, మెరిట్ లిస్టు పెడతారు అనుకుని ఎదురుచూడు. ఎన్నేళ్లు చూసినా రాదు. ఎందుకంటే అక్కడ పిలుపు పేపర్లో రాదు, పరిచయంతో వస్తుంది. ఒకే తాడు మీద నీతో వేలాడినవాడు నీ గురించి ఇంకొకడికి చెప్తాడు. అదే వాళ్ల రికమండేషన్ లెటరు. ఎమ్మెల్యే లెటరు పనిచేయని చోటు లోకంలో అదొక్కటే అనుకుంటా.

తెలివితక్కువ వాళ్లు ఏం చేస్తారంటే, ముందు మేఘాలయ పోతారు. అక్కడ 1992 నుంచి మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్ వాళ్లు విదేశీ గుహగాళ్లతో కలిసి ఎండాకాలం రాకముందే గుహలు కొలుస్తూ వస్తున్నారు. ఖాసీ భాషలో గుహను క్రెం అంటారు. ఇసుకరాతిలో ఏర్పడ్డ క్రెం పురిని 2018లో కొలిస్తే ఇరవై నాలుగున్నర కిలోమీటర్లు వచ్చింది. అలాంటి చోట బురదలో పడి పాకుతూ, టేపు చివర పట్టుకుని, అంకెలు రాసుకుంటూ ఉంటే, పక్కన పాకే బ్రిటిష్ మనిషి ఒకరోజు "వచ్చే ఏడు మా దేశం వస్తావా" అంటాడు. ఇలా రెండు మూడేళ్లు పడుతుంది. అంత ఓపిక నీకెందుకు?

అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలదీ ఇదే తెలివితక్కువతనం. 1941లో పుట్టిన నేషనల్ స్పెలియలాజికల్ సొసైటీ అక్కడ ఉంది. ఊరూరా దాని శాఖలుంటాయి, వాటిని గ్రాటోలంటారు. అట్లాంటాలో మనవాళ్లకు బతుకమ్మ ఆడే హాలు ఎక్కడో తెలుసు, బిర్యానీ ఎక్కడో తెలుసు. అదే జార్జియా రాష్ట్రంలో ఎల్లిసన్స్ కేవ్‌లో 179 మీటర్ల నిట్టనిలువు బిలం ఉందని, గ్రాటోలో చేరి నేర్చుకుంటే దాంట్లో దిగొచ్చని ఎంతమందికి తెలుసు? తెలియకపోవడమే మంచిది.

నువ్వు మాత్రం ఉత్తరం ఇలా రాయి: "గౌరవనీయులైన సార్, మా తాత కోల్‌ఫిల్లర్, మా నాయన ట్రామర్. భూగర్భం నా రక్తంలోనే ఉంది." వాళ్ల నుంచి ఒకే ప్రశ్న తిరిగొస్తుంది: "తాడు మీద ఎన్ని మీటర్లు ఎక్కావు?" రక్తం గ్రూపు అడగరు.

3. తాడు బజార్లో కొను, దిగడమే నేర్చుకో

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీని గురించి నాకు ఏమీ తెలియదు.

గుహల తాడుకు లోపల పేటలు, పైన అల్లిన తొడుగు ఉంటాయి. లాగితే ఎక్కువ సాగదు. బరువుకూ రాపిడికీ లెక్క కట్టి చేస్తారు. నువ్వు చౌరస్తా హార్డ్‌వేర్ షాపులో పచ్చరంగు ప్లాస్టిక్ తాడు కొను. కిలోల్లెక్కన ఇస్తాడు. బర్రెను కట్టేస్తే ఆగిన తాడు నిన్ను ఆపదా? తాడు మీద దిగే పరికరం, డిసెండర్, రాపిడికి వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుందంటారు. కరిగితే ఇంకా తొందరగా దిగుతావు.

రెండోది, దిగడం ఒక్కటే నేర్చుకో. ఎక్కడం సంగతి కిందికి పోయాక చూద్దాం. మన ఇంక్లయిన్‌లో మనిషి అలసిపోతే మ్యాన్ రైడింగ్ ఉంటుంది, టబ్బుల్ని లాగడానికి హాలేజీ ఉంటుంది. గుహలో హాలేజీ ఇంజను నీ తొడలే. ఛాతీ దగ్గర ఒక క్లాంపు, చేతిలో ఒక క్లాంపు, దానికి కాలి ఉచ్చు. కూర్చోవాలి, కాళ్లు ముడవాలి, లేచి నిలబడాలి. కప్పలా ఉంటుంది కాబట్టి దాన్ని ఫ్రాగ్ సిస్టమ్ అంటారు. ఒక్కో గెంతుకు జానెడో మూరెడో. అలా ఎల్లిసన్స్‌లోని 179 మీటర్లు ఎక్కడమంటే యాభై అంతస్తుల మేడను మూరలతో కొలవడమే. వెయ్యి మీటర్ల గుహలో అలాంటి తాళ్లు పదులకొద్దీ.

ఇంకో పిచ్చి ఉంది వాళ్లకు. తాడు రాతి అంచుకు రాసుకుంటే తెగుతుందని, రాయి తగిలే ప్రతిచోటా గోడకు బోల్టు కొట్టి తాడును మళ్లీ కడతారు. దాన్ని రీబిలే అంటారు. గాలిలో వేలాడుతూనే ఒక తాడు నుంచి ఇంకో తాడుకు మారాలి. పరికరాలు విప్పే వరుస తప్పితే ఇటూ కాదు అటూ కాదు, మధ్యలో వేలాడుతూ ఉంటావు. అందుకే నెలల తరబడి చెట్ల మీద, గోడల మీద ఇదే సాధన చేస్తారు, కళ్లు మూసుకుని కూడా. మన భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టల్లో తాళ్లతో కొండలెక్కడం నేర్చుకుంటున్నవాళ్లున్నారు. నువ్వు అటు పోకు. యూట్యూబు చూస్తే చాలు, వీడియోలో ఎవరికీ ఏమీ కాదు.

4. దీపం ఒక్కటి చాలు

ఇది నా శాఖ కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. గుహగాళ్లు మనిషికి మూడు వెలుగులు ఉండాలంటారు. ఒకటి హెల్మెట్ మీద, ఒకటి సాయానికి, ఒకటి ఆ సాయానికి సాయం. ఇంత అపనమ్మకమైతే ఎలా? నీ దగ్గర ఫోను ఉంది. ఫోన్లో టార్చి ఉంది. చార్జింగు 60 శాతం ఉంది. సిగ్నలు రాకపోతే ఇంకా మంచిది, బ్యాటరీ మిగులుతుంది.

మా బాపు ఒక మాట అంటుంటాడు: "బాయిల దీపం పోతె సీకటి కాదురా అది. నీ చెయ్యి నీకు లేదు." ఆయన పాతకాలం మనిషి.

5. బనీను, లుంగీ తీసుకుపో

భూగర్భం అంటే ఉక్క. మన బాయిల్లో పనిచేసి చెమటకు తడవని అంగీ లేదు. కాబట్టి గుహల్లోనూ అంతే అనుకో. కాకపోతే వెర్యోవ్కినా ఉన్న అరబికా కొండల గుహల్లో 4 నుంచి 7 డిగ్రీలట. పైగా నీళ్లు ధారకడతాయి. అక్కడ నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. వణుకుతావు. కాసేపటికి వణుకు కూడా ఆగిపోతుంది. ఆగిందని సంతోషపడితే అది ఆఖరి సంతోషం. అందుకని వాళ్లు లోపల మెత్తటి సింథటిక్ ఉన్ని సూటు, పైన గట్టి ఓవర్‌సూటు వేసుకుంటారు. చూడటానికి మురికి పాలిథిన్ సంచుల్లా ఉంటారు. ఫోటోలో ఏం బాగుంటుంది? మన పెళ్లిళ్ల సీజన్లో కుట్టించుకున్న అంగీ ఉండనే ఉంది.

6. వీసా సంగతి బోర్డర్లో చూసుకుందాం

వెర్యోవ్కినా, క్రుబేరా గుహలు రెండూ అబ్ఖాజియాలోనే ఉన్నాయి. ఈ క్రుబేరాలోనే 2004లో ఉక్రెయిన్ వాళ్ల బృందం మనిషి చరిత్రలో మొదటిసారి 2000 మీటర్ల లోతు దాటింది. ఇంతకీ ఆ అబ్ఖాజియా ఏ దేశం? తనకు తాను దేశమంటుంది. రష్యా 2008లో ఔనంది. జార్జియా అది నాదే అంటుంది, రష్యా వైపు నుంచి అడుగుపెడితే నేరమంటుంది. మన దేశం దాన్ని గుర్తించలేదు, అంటే అక్కడ నీకు ఏదైనా అయితే మన ఎంబసీ గడప లేదు. రెండు ఇళ్ల మధ్య గోడ గొడవల్లో తలదూర్చి అనుభవం ఉన్న తెలుగువాడికి ఇదో లెక్కా? వెళ్లి గోడ మీద కూర్చో.

పిరికివాళ్లు ఫ్రాన్సు పోతారు. గ్రెనోబుల్ దగ్గర గూఫ్రే బెర్జే ఉంది. 1956లో లోకంలో మొట్టమొదట వెయ్యి మీటర్ల లోతు దాటిన గుహ అది. ఇంకా పిరికివాళ్లు నాలుగేళ్లకోసారి జరిగే ప్రపంచ గుహల మహాసభకు పోతారు. 1965లో స్లొవేనియాలో పుట్టిన అంతర్జాతీయ స్పెలియాలజీ యూనియన్ దాన్ని నడుపుతుంది. అక్కడ దేశదేశాల ఎక్స్‌పెడిషన్ లీడర్లు ఒకే క్యాంటీన్లో క్యూ కడతారు. ఆ క్యూలో నిలబడటమే అసలు దరఖాస్తు. మనకేమో క్యూ అంటే గిట్టదు.

7. టీఏ, డీఏ ముందే మాట్లాడుకో

చేరేముందు ఖచ్చితంగా అడుగు: అండర్‌గ్రౌండ్ అలవెన్సు ఎంత? ప్లే డే పనికి డబుల్ ఇస్తారా? లాభాల్లో వాటా దసరాకిస్తారా, దీపావళికిస్తారా? మేనేజరెవరు? ఓవర్‌మన్ ఎవరు?

వాళ్లు నీ ముఖం చూసి నవ్వుతారు. అక్కడ జీతం లేదు. ప్రయాణం నీది, సామాను నీది, తిండి ఖర్చులో నీ వాటా నీది. యూనివర్సిటీ ప్రొఫెసరు గిన్నెలు తోముతాడు, వెల్డింగు చేసేవాడు బృందానికి లీడరు. కొత్తవాడికి ఇచ్చే మొదటి ఉద్యోగం తాళ్ల సంచి మోయడం. అట్టడుగు చూసేది నలుగురు, వాళ్ల కోసం తాళ్లు, తిండి, బ్యాటరీలు మోసేది నలభై మంది. ఆ మోసినవాళ్లు క్యాంపు నుంచే తిరిగి పైకెక్కుతారు. తిరుగుదారిలో మలం కూడా సంచిలో కట్టుకుని పైకి తేవాలి. "మా తాత బొగ్గు నింపనీకి తట్టా చెమ్మాస్ పట్టిండు, నేను పట్టను" అని చెప్పెయ్. వాళ్లకు అర్థం కాదు, కానీ నీ పరువు నిలుస్తుంది.

8. వాన పైన కదా పడేది

నువ్వు వెయ్యి మీటర్ల కింద ఉన్నప్పుడు పైన వాన పడితే నీకేంటి? గొడుగు అక్కర్లేని చోటు అదొక్కటే.

2018 సెప్టెంబరులో వెర్యోవ్కినా అడుగున ఒక బృందం ఉంది. పైన వాన. కొన్ని గంటలకు గుహలో ఉరుము లాంటి చప్పుడు. నీళ్లు పై నుంచి దూకుతున్నాయి, కింది నుంచీ పొంగుతున్నాయి. క్యాంపు సామాను వదిలేసి తాళ్లు పట్టుకుని పైకి పరుగు తీశారు. వాళ్ల వెనకే నీళ్లు ఎక్కాయి. అందరూ బతికి బయటపడ్డారు, ఎందుకంటే అందరికీ ఎక్కడం వచ్చు. మూడో చిట్కాలో నేను వద్దన్న విద్య అదే.

ఈ చిట్కా రాసి బాపుకు వినిపించాను. మిగతావాటికి నవ్వినవాడు దీనికి నవ్వలేదు. "2003 జూన్ యాదికున్నదా" అన్నాడు. నాకే కాదు, ఈ ఊళ్లో ఎవరికి గుర్తు లేదు? జూన్ 16న 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. 17 మంది మళ్లీ ఎక్కి రాలేదు. "నీళ్లు సెప్పి రావురా," అన్నాడు బాపు, "గాలి మారుతది, సప్పుడు మారుతది. ఇనెటోడు ఉండాలె." ఆయన చేతికర్రతో కప్పు మీద కొట్టి చప్పుడు వినేవాడు. గట్టి కప్పు గంటలా మోగుతుంది, వదులు కప్పు పగిలిన కుండలా పలుకుతుంది. గుహల్లోనూ పట్టు దొరికిన ప్రతి రాయినీ తట్టి చూస్తారట.

ఈ చిట్కా కొట్టేద్దామనుకున్నాను. పది అని ముందే చెప్పేశాను కదా, ఉంచుతున్నాను.

9. ఒంట్లో నొప్పి ఉంటే దాచు

ఫారంలో ఆరోగ్యం గురించి అడుగుతారు. ఆయాసం, బీపీ, పాత బెణుకు, అన్నిటికీ "లేదు" అని రాయి. మెడికల్ బోర్డు ముందు మనవాళ్లు లేని రోగం ఉందంటారు, నువ్వు ఉన్న రోగం లేదను. లెక్క సరిపోతుంది.

ఇన్సూరెన్సు కూడా దండగ. 2014లో జర్మనీలోని రీజెండింగ్ గుహలో దాదాపు వెయ్యి మీటర్ల లోతున ఒకాయన తలకు రాయి తగిలితే బయటికి తేవడానికి 11 రోజులు పట్టింది, 700 మందికి పైగా పనిచేశారు. 2023లో టర్కీలోని మోర్కా గుహలో, 1040 మీటర్ల దగ్గర, ఎంతో అనుభవం ఉన్న అమెరికన్‌కు కడుపులో రక్తస్రావమైంది. పలు దేశాల నుంచి వచ్చినవాళ్లు స్ట్రెచరుతో పైకి తెచ్చారు. ఇరుకు సందుల్లో స్ట్రెచరు పట్టకపోతే రాయిని పగలగొట్టి దారి చేశారు. వాళ్లంతా సాటి గుహగాళ్లే. గుహలో అంబులెన్సు అంటే నీ తోటివాళ్ల భుజాలే. నువ్వు దాచిన నొప్పిని వాళ్లు మోస్తారు.

మన రెస్క్యూ వాళ్లకిది కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుంటే, బురదలోకి, నీళ్లలోకి దిగినవాళ్లలో సింగరేణి రెస్క్యూ టీములున్నాయి. ఆ టీములో ఎవరినైనా పట్టుకుని ఒక సాయంత్రం మాట్లాడితే, ఏ విదేశీ పుస్తకంలోనూ లేని పాఠం దొరుకుతుంది. అందుకే మాట్లాడకు. పక్కింటాయన దగ్గర నేర్చుకుంటే అది విదేశీ చదువు ఎలా అవుతుంది?

10. ఎప్పుడొస్తావో ఎవరికీ చెప్పకు

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. గుహగాళ్లకు కాలవుట్ అనే ఒక చాదస్తం ఉంది. దిగేముందు పైనున్న ఒక మనిషికి చెప్తారు: ఎంతమందిమి, ఏ గుహ, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తాం. ఆ టైం దాటితే ఆ మనిషి ఇంకేమీ ఆలోచించడు, రెస్క్యూకు ఫోను కొడతాడు. అంతే ఆ మనిషి పని.

నువ్వు చెప్పకు. అమ్మ కంగారుపడుతుంది, నాయన తిడతాడు. పైగా నీకు మాత్రం టైం ఏం తెలుస్తుంది? 1962లో మిషెల్ సిఫ్ర అనే ఫ్రెంచి ఆయన గడియారం లేకుండా రెండు నెలలు గుహలో ఒంటరిగా ఉన్నాడు. పైకి రమ్మని పిలిచిన రోజు సెప్టెంబరు 14. ఆయన లెక్కలో ఇంకా ఆగస్టు 20. కింద ఉన్నవాడికి టైం తెలియదు. మరి ఎవరికి తెలియాలి?

ఇక్కడిదాకా రాసేసరికి రెండో షిఫ్టు వదిలారు. రాత్రి పదకొండు. దీపాలు ఒక్కొక్కటే వచ్చి ర్యాకులో కూర్చుంటున్నాయి. ఒకడు బీడీ కోసం చూస్తాడు, ఒకడు బండి తాళం వెతుక్కుంటాడు, నావైపు ఎవరూ చూడరు. నేను నంబర్లు చూస్తాను. ర్యాకులో ఒక గడి ఖాళీగా ఉంది.

నైట్ షిఫ్టు అతను వచ్చి, "నువ్వు పోరాదె, నేను చూస్కుంట" అన్నాడు. నేను పోలేదు. ఎన్నేళ్లుగానో ఇదే అలవాటు. ఖాళీ గడి నాది కానట్టు ఇంటికి పోయి అన్నం తినలేను. ఇరవై నిమిషాలకు ఒక హాలేజీ ఖలాసీ తాపీగా వచ్చాడు. ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోయాడట. తిట్టాను. దీపం తీసుకున్నాను. గడి నిండింది.

అప్పుడు ఫోను తీసి మా కాలనీ పిల్లగాడికి కొట్టాను. నిద్రలో ఎత్తాడు.

"తమ్మీ, ఆ చిట్కాలు తర్వాత చూద్దాం గని, ముందు మేఘాలయ పో. పోయేముందు ఏ గుహల దిగుతున్నవో, ఎవరెవరో, ఎన్ని గంటలకు ఎక్కుతవో చీటీ మీద రాసి నాకియ్యి."

"పదోది వద్దన్నవు గదనే?"

"రాసియ్యిరా," అన్నాను.